క్వాయి వంతెనయు మన కూలీలును

థాయిలాండు దేశమున కాంచనబురి యను పట్టణము కలదు. ఆ పేరు మనకు క్రొత్తది కాదు. కాంచనపురి యను సంస్కృతపదమే అచటివారి నోట అట్లు మారినది. స్వర్ణముఖి యొడ్డున పుట్టి పెరిగిన మావంటివారికి అట్టి బంగారుపేరుగల యూరు పరదేశమని తోపదు. ఆ పట్టణముచెంత నదిపై నొక యినుప రైలువంతెన నేటికిని నిలిచియున్నది. లోకపు నలుమూలలనుండి యాత్రికులు వచ్చి దానిపై నడతురు, ఛాయాచిత్రములు తీసికొందురు, ఏటేట అచ్చట జరుగు వంతెన యుత్సవమున రంగురంగుల దీపములను, బాణసంచాను చూచి సంతోషింతురు. ఆ వంతెనతో తెలుగువారికేమి సంబంధమని యెవరైన అడుగవచ్చును. సంబంధము కలదు. అది కీర్తి సంబంధము కాదు, ఋణసంబంధము. ఆ ఋణమును మనము నేటివరకు ఖాతాలో వ్రాసికొననైన లేదు. దానిని గుర్తుచేయుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట వంతెనను చూతము. పాతకట్టడమును చూచుటకును శాసనమును చదువుటకును భేదము లేదు; అక్షరము తెలిసినవానికి రెండును మాటలాడును. ఈ వంతెనలో కొన్ని యినుపచట్రములు విల్లువలె వంగియుండును. నడుమనున్న రెండు మాత్రము సూటిగా, చదరముగా నుండును. వంపు చట్రములు 1943లో జపాను సైన్యము నిలిపినవి. అవియైనను క్రొత్తగా పోతపోసినవి కావు. జావాద్వీపమున నున్న యొక వంతెనను విప్పి ఓడలపై తెచ్చిన 11 చట్రములు. 1944, 1945 సంవత్సరములలో మిత్రరాజ్యముల విమానములు మాటిమాటికి బాంబులు వేసి నడిమి చట్రములు మూటిని కూల్చినవి. యుద్ధానంతరము వాని చోట చదరపు చట్రములు రెండు నిలిపిరి. కావున వంపున్నచోట యుద్ధము, సూటిగా నున్నచోట శాంతి యని చదువుకొనవచ్చును. వంతెనను కాపాడుటకు జపానువారు చెంతనే విమానములను కూల్చు ఫిరంగులను నిలిపిరి. ఆ ఫిరంగుల ప్రక్కనే యుద్ధఖైదీల శిబిరమును పెట్టిరి. 1944 నవంబరులో ఆ ఫిరంగులకు గురిపెట్టిన బాంబులు శిబిరముపై పడి, వంతెన కట్టిన ఖైదీలే స్వపక్షమువారి బాంబులకు బలియైరి.

ఈ వంతెన ఒంటరి కట్టడము కాదు. థాయిలాండులోని బాన్‌పాంగునుండి బర్మాలోని థన్బ్యూజయత్తువరకు 415 కిలోమీటర్ల పొడవున వేసిన రైలుమార్గములో నొక యవయవము. 1942లో సింగపూరును, రంగూనును పట్టుకొన్న పిమ్మట బర్మాలోని సేనలకు ఆహారమును ఆయుధములను పంపుట జపానుకు కష్టమాయెను. మలయా ద్వీపకల్పమును చుట్టి పోవు ఓడలను శత్రువుల జలాంతర్గాములు ముంచుచుండెను. కావున కొండలను, అడవులను చీల్చి నేలదారి వేయ సంకల్పించిరి. ఆ త్రోవను తెల్లదొరల యింజనీర్లు అంతకు ముందే తలంచి, కొండలకును రోగములకును వెరచి మానుకొనిరి. అట్టి పనిని జపానువారు ఏడాదికి కొంచెము మించిన కాలములో ముగించిరి. 1943 అక్టోబరు 17వ తేదీన రెండు వైపులనుండి వచ్చిన పట్టాలు కొంకొయిటాయను చోట కలిసినవి. యంత్రములు లేవు. గునపము, పార, గంప, మనుష్యుని వీపు, ఇవియే సాధనములు.

ఆ వీపులు ఎవరివి? ఈ ప్రశ్నకు లోకము చెప్పు ప్రత్యుత్తరము సగమే. బ్రిటిషు, ఆస్ట్రేలియా, డచ్చి, అమెరికా సైనికులైన యుద్ధఖైదీలు అరువదివేలకు పైగా పనిచేసిరి. వారిలో 12,000కు మించి చనిపోయిరి. వారి బాధ నిజము. దానిని తక్కువచేయుట మా యుద్దేశము కాదు. కాని వారికంటె మూడింతలో అంతకు మించియో సంఖ్యలో ఆసియా కూలీలు అచ్చట పనిచేసిరి. బర్మీయులు, మలయులు, జావావారు, చీనీయులు, వీరందరితోపాటు మలయా రబ్బరుతోటలనుండి తెచ్చిన దక్షిణ భారతీయులు: తమిళులు, తెలుగువారు, మలయాళులు. మలయానుండి పోయినవారే డెబ్బదియైదువేల పైచిలుకని అంచనా. మొత్తము కూలీలలో చనిపోయినవారు తొంబదివేలని కొందరు, అంతకు మిక్కిలి హెచ్చని కొందరు చెప్పుదురు.

లెక్కలు చెప్పుకొని బ్రతుకు బడిపంతుళ్లము గనుక ఇచ్చట చదువరులను ఒక్క క్షణము నిలిపెదము. కాంచనబురిలోని సైనిక శ్మశానమున 5,084 మంది కామన్వెల్తు సైనికులును 1,896 మంది డచ్చివారును ఉన్నారు. ఆ లెక్క ఒకట్ల స్థానమువరకు తెలియును. పచ్చికలో వరుసలు తీర్చిన పలకలపై పేరు, పటాలము, వయస్సు, తల్లిదండ్రులు ఎన్నుకొన్న వాక్యము కలవు. కూలీల లెక్కయో, పదివేల స్థానమున ఊగిసలాడుచున్నది. ఒక గ్రంథకర్త తొంబదివేలనును, మరియొకడు లక్ష యనును. ఈ రెంటి నడుమనున్న పదివేలమంది ఎవరు? వారు చచ్చిరా, బ్రతికిరా? అంకెలలో కానవచ్చు ఈ యలసత్వము గణితదోషము కాదు, అది న్యాయదోషము. సైనికునకు దళపతి కలడు, వైద్యుడు కలడు, పట్టీ వ్రాయు గుమాస్తా కలడు, యుద్ధము ముగిసిన పిమ్మట వెదకివచ్చు ప్రభుత్వము కలదు. కూలికి ఇందులో నొక్కటియు లేదు. 1943 వర్షాకాలమున కలరా వచ్చినప్పుడు ఖైదీల శిబిరములలో వైద్యులు నీరు కాచి త్రాగుడని నిర్బంధించి కొందరినైన నిలుపుకొనిరి. కూలీల శిబిరములలో చెప్పువాడు లేక గుడిసెలకు గుడిసెలే ఖాళీయయ్యెను. గోతులలో కుప్పలుగా పూడ్చిరి. 1990లో కాంచనబురిచెంత నేల త్రవ్వగా అట్టి సామూహికసమాధి యొకటి బయటపడినది. ఆ యెముకలకు పేర్లు లేవు.

వారు అచ్చటికెట్లు చేరిరో చెప్పుట యవసరము. ఆంగ్లేయుల పాలనలో మలయా తోటలకు కూలీలను కంగాణీలు పోగుచేసెడివారు. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండియు, 1911 వరకు మా చిత్తూరును తనలో నిముడ్చుకొన్న ఉత్తరార్కాటు జిల్లానుండియు జనము పోయిరి. వానలు తప్పిన యేడు భూమిలేనివాడు ఊరిలో నిలువలేడు. 1876 నుండి 1878 వరకు వచ్చిన మహాక్షామము తరువాత క్షామనివారణకని మా సీమలో రైలుదారులు వేసిరి. కడుపునకు కూడు తెచ్చునన్న ఆ రైళ్లే ఆకలిగొన్నవానిని రేవుదాక గొనిపోయినవి. ఆ విధముగా పోయినవారిలో మాలలు, మాదిగలు, పల్లెలలో కౌలుకైన నోచని శూద్రులు హెచ్చు. 1938లో భారతప్రభుత్వము ఈ కూలి వలసను ఆపినది; కాని అప్పటికే వేలకొలది తెలుగు కుటుంబములు తోటలలో స్థిరపడియుండెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోగా రబ్బరుకొనువారు లేరు, తోటలు మూతపడెను, బియ్యము కరవాయెను. అప్పుడు జపానువారు మూడు నెలల పని, దినమునకొక డాలరు కూలి యని ఆశచూపిరి. ఆశకు లొంగనివారిని లారీలలో కుక్కి గొనిపోయిరి. మూసిన సరకుపెట్టెలలో నాలుగైదు దినములు రైలుప్రయాణము, అటుపై అడవిలో నడక. మూడు నెలలని పోయినవాడు మరల వచ్చుట యరుదు.

మలయాలో దక్షిణభారతీయుల నందరిని క్లింగులని పిలిచెడివారు. ఆ మాట తిట్టుగా మారినది. అది కళింగ శబ్దమునుండి పుట్టినదని పండితులు చెప్పుదురు. అనగా తెలుగుతీరము పేరే అందరికిని తిట్టాయెను. కాని లెక్కలు వ్రాసినప్పుడు మాత్రము దక్షిణభారత కూలీలనందరిని తమిళులని యొక్క గీతలో చేర్చివేసిరి. అవమానములో మన పేరు ఉండెను, మృతుల జాబితాలో లేదు. ఇట్టి విచిత్రము మరియొకజాతికి జరిగినదో లేదో ఎరుగము.

తరువాతి కథ యింకను విడ్డూరము. 1952లో ఒక ఫ్రెంచి రచయిత ఈ వంతెనపై నవల వ్రాసెను. 1957లో దానిని చలనచిత్రముగా తీసిరి. ఆ చిత్రమునకు లోకమంతయు నీరాజనములు పట్టెను. చిత్రము తీసినది సింహళములో. అందలి వంతెన కొయ్యది. దానిని కూల్చిన రీతి కల్పితము. వానితో మాకు పేచీ లేదు, కథకులకు స్వేచ్ఛ కలదు. కాని ఆ చిత్రములో తెల్లసైనికులు కట్టిరి, తెల్లసైనికులు కూల్చిరి. ఆసియా కూలి కనబడడు. ఇంతకు నిజమైన వంతెన మేక్లాంగు నదిపై నున్నది, క్వాయిపై కాదు. నవలాకారుడు పొరపడెను. చిత్రము చూచి వచ్చిన యాత్రికులు క్వాయి యేదని యడుగగా, 1960 ప్రాంతమున అచటి ప్రభుత్వము ఆ నది పేరునే క్వాయి యాయి యని మార్చినది. ఒక కథకుని పొరపాటును సరిపుచ్చుటకు నది పేరు మార్చగలిగిన లోకము, ఆ నదియొడ్డున చచ్చిన కూలీల పేర్లు వెదకుటకు పూనుకొనలేదు.

1977లో కాంచనబురిలోని యొక బౌద్ధవిహారమున యుద్ధవస్తుశాల పెట్టిరి. దాని పేరు జీత్. ఆంగ్లమున జపాను, ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా, థాయిలాండు, హాలండు దేశముల పేర్లలోని మొదటి యక్షరముల కూర్పది. ఆ కూర్పులో భారతదేశపు అక్షరము లేదు, బర్మా అక్షరము లేదు, మలయా అక్షరము లేదు. అందరికంటె హెచ్చుగా చచ్చినవారికి అక్షరమాలలోనే చోటు దొరకలేదు. నరకద్వారమని పేరొందిన కొండకోతవద్ద 1998లో ఆస్ట్రేలియా ప్రభుత్వము చక్కని స్మారకశాల కట్టినది. వారు తమవారిని మరువలేదు. అది వారి యోగ్యత. మనవారిని వారు కూడ తలపవలెనని కోరుట న్యాయమే గాని, మనమే తలపనప్పుడు ఏ మొగముతో కోరుదుము?

పరిహారపు మాటయు ఇట్టిదే. 1951 సాన్‌ఫ్రాన్సిస్కో సంధిలోని 16వ అధికరణము ప్రకారము జపాను ఆస్తులలో కొంత రెడ్‌క్రాసు ద్వారా పూర్వపు యుద్ధఖైదీలకు ముట్టవలెనని యేర్పాటాయెను. ఆ యధికరణము సైనికులను గూర్చినది. కూలీల మాట అందులో లేదు. భారతదేశము ఆ సంధిలో చేరక, 1952 జూను 9వ తేదీన జపానుతో వేరుగా ఒడంబడిక చేసికొని, నష్టపరిహారపు హక్కులనన్నిటిని వదలుకొన్నది. ఆ యౌదార్యమును మేము తప్పుపట్టము. కాని క్షమించుటకు ముందు ఎవరికేమి జరిగినదో వ్రాసికొనవలెను గదా! బాకీ యెంతో తెలియక కొట్టివేసిన పద్దును ఔదార్యమందురా, అలక్ష్యమందురా?

ఇక మన యింటివైపు తిరుగుదము. రెండవ ప్రపంచయుద్ధమును గూర్చి ఆంధ్రుని స్మృతిలో నిలిచినదేమి? 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై, కాకినాడపై జపాను బాంబులు పడుట. పట్టణములు విడచి జనము పల్లెలకు పారిపోవుట. విశాఖ సముద్రతీరమున ఇసుకలో కూరుకొన్న కాంక్రీటు కాపలా దిమ్మ. ఆ దిమ్మను కాపాడుమని అభిమానులు పలుమార్లు కోరిరి, మంచిపనియే. కాని కాపలాకై కట్టిన దిమ్మకు ఉన్నపాటి యభిమానులు, కాపలా లేక చచ్చిన మనుష్యులకు లేరు. యుద్ధమనగా మనకు బాంబు, విమానము, సేనాపతి. గంపనెత్తిన కూలి యుద్ధములోని వాడని మనకు తోచదు.

ఇచ్చట ఒక చేదుమాట చెప్పక తప్పదు. 1943 అక్టోబరు 17న రైలుపట్టాలు కలిసినవని చెప్పితిమి. నాలుగు దినముల పిమ్మట, 21న, సింగపూరులో సుభాసుచంద్ర బోసుగారు ఆజాద్ హింద్ ప్రభుత్వమును ప్రకటించిరి. ఆ ఘట్టము మన బిడ్డలు పాఠములో చదువుదురు, చదువవలసినదే. అదే వారమున, అదే రాజ్యమున మిత్రుడనబడిన జపాను చేతిలో మన కూలీలు చచ్చుచుండిరని ఏ పాఠమును చెప్పదు. స్వాతంత్ర్యవీరుల గౌరవమునకు ఇది లోపమని కొందరు జంకుదురు. సత్యమువలన గౌరవము తరుగదు. రెండు నిజములను ఒక్క పుటలో వ్రాయలేని చరిత్ర చరిత్ర కాదు, స్తోత్రము.

మా మాటకు ఆక్షేపణలు వచ్చునని యెరుగుదుము. వారు దేశముకొరకు చావలేదు, కూలికి పోయి చచ్చిరి; వారు వీరులెట్లగుదురని యొక పండితుడు అడుగవచ్చును. ఆయనను మా చిత్తూరు సీమలోని పొలిమేరలకు ఒక్కసారి రమ్మని పిలిచెదము. పుంగనూరు, మదనపల్లె, పలమనేరు ప్రాంతములలో చెట్లక్రింద, చెరువుకట్టలపై వీరగల్లులు నిలిచియున్నవి. బాణుల, నొళంబుల, వైదుంబుల కాలమునాటివి. వానిలో అన్నియు రాజులవి కావు. ఊరి పశువులను దొంగలు తోలుకొనిపోగా అడ్డగించి చచ్చినవానికి రాయి కలదు. పులితో పోరి చచ్చినవానికి రాయి కలదు. వెయ్యి సంవత్సరముల క్రిందటి పల్లెవాడు, చదువురానివాడు, ఆవుకొరకు చచ్చినవాని పేరును రాతిపై చెక్కించినాడు. విశ్వవిద్యాలయములు, ముద్రణాలయములు, ప్రభుత్వశాఖలు గల మనము వేలమందికి ఒక్క రాయి నిలుపలేదు. ఇద్దరిలో నాగరికుడెవ్వడు?

తిరుమల గుడిగోడలను చూడుడు. ఎవరు ఎన్ని దీపములకు ధనమిచ్చిరి, ఏ పండుగకు ఎన్ని తళిగల ప్రసాదము, ఆ ప్రసాదములో దాత వంతెంత, అన్నియు చెక్కియున్నవి. కృష్ణదేవరాయలు ఏడుమార్లు వచ్చి యిచ్చిన కానుకలు కలవు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు మొదలగువారి కృషివలన 1930 దశకమున దేవస్థానమువారు ఆ శాసనములను సంపుటములుగా అచ్చొత్తించిరి. లెక్క వ్రాయుట మనజాతికి చేతకాదని యెవరనగలరు? చేతకాక కాదు, ఎవరి లెక్క వ్రాయవలెను, ఎవరి లెక్క విడువవలెను అను భేదబుద్ధి మనకు కలదు. దాత పేరు గోడకెక్కును. ఆ గోడరాయి మోసినవాని పేరు ఎక్కదు. కలియుగమున సముద్రయానము నిషిద్ధమని ధర్మశాస్త్రము చెప్పినవారు, తాము దాటనక్కరలేక, పొలములేనివాడు దాటిపోవుచుండగా పలుకక యూరకుండిరి. వాడు చచ్చినచో అశౌచము పట్టలేదు, తద్దినము పెట్టలేదు. క్వాయి యొడ్డున పేరులేని గోతికిని, మన పల్లెలో వెలివాడకును దూరము మనము తలచినంత లేదు.

పాతగాయములు రేపనేల యని మరికొందరు. గాయము మాత్రము పాతది, అలవాటు క్రొత్తదే. నేడు చిత్తూరు, కడప, రాయచోటి ప్రాంతములనుండి ఆడవారును మగవారును కువైటునకు, ఇతర అరబ్బు దేశములకు కూలికి పోవుచున్నారు. 2024 జూను 12న కువైటులోని మంగాఫున కూలీలుండు మేడ కాలిపోగా నలుబదియైదుగురు భారతీయులు చనిపోయిరి. కొలది దినములలో వారి పేర్లు, ఊళ్లు పత్రికలలో వచ్చినవి. దేహములు విమానముపై ఇండ్లకు చేరినవి. ఎందుచేత? వారికి పత్రములుండెను, అడుగువారుండిరి. పేరు నమోదైనవాడు చచ్చినను మనుష్యుడే. నమోదు కానివాడు బ్రతికియున్నను సరకే. ఏ దళారి ద్వారానో దొంగత్రోవన పోవు పేదరాలి పేరు నేటికిని ఏ పుస్తకములోనున్నది? 1943ను మరచినవారికి ఈ ప్రశ్న వినబడదు.

ఏమి చేయవలెనో చెప్పక దూషించుట వ్యర్థము. మలేసియా తమిళులు మనకు త్రోవ చూపిరి. వారు బ్రతికియున్న వృద్ధుల మాటలు సేకరించిరి, 2023లో కాంచనబురిలో నడుకల్లు నిలిపిరి. నడుకల్లనగా మన వీరగల్లే. వారిని చూచి ఈర్ష్యపడుటగాని, అందులో మనవారును కలరుగదాయని తృప్తిపడి కూర్చుండుటగాని తగదు. మొదటిపని పేర్లు. మలయాకు పోయి మరలిరానివారి కథలు మన పల్లెలలో ముసలివారి నోట నింకను గలవు. ఆ కాలమున పదునైదేండ్ల బాలుడు నేడు నూరేండ్లకు దగ్గరపడినవాడు. వాని బిడ్డలు కూడ వృద్ధులు. ఉపాధ్యాయులారా, మీ విద్యార్థులచేత తాతతండ్రుల నడిగించి వ్రాయింపుడు. పాత ఉత్తరము, మనియార్డరు రసీదు, గోడనున్న పటము, ఏదియు త్రోసివేయరాదు. రెండవది, మదరాసు రాజధాని నాటి కాగితములు చెన్నపట్టణపు రికార్డుల కార్యాలయమున నున్నవి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము మలేసియాలోని తెలుగు సంఘముతో కలిసి వానిని పరిశోధించి యొక పట్టీ సిద్ధపరుపవలెను. మూడవది, కాంచనబురిలో తెలుగు లిపిలో నొక రాయి, దానికి జతగా మా రేణిగుంట కూడలిలో నొక రాయి నిలుపవలెను. నాలుగవది, పాఠ్యపుస్తకమున ఒక్క పుట.

ఇందుకు కోట్లు అక్కరలేదు. ఒక బ్రహ్మోత్సవమున తోరణములకగు వ్యయములో వీసమంత చాలును. కావలసినది ధనము కాదు, కూలివాని చావు కూడ చావే యను నొప్పుదల. అది కలిగిననాడు రాయి తనంత నిలుచును. అది కలుగనంతకాలము, క్వాయి వంతెనపై రైలు పోవునప్పుడెల్ల దాని క్రింది మౌనము థాయిలాండుది కాదు, జపానుది కాదు, మనదే.